జాకీ గోళీలు

మా జాకీకి దగ్గు మొదలైనప్పుడు గొంతులో బొక్క ఇరుక్కుందేమో అనుకున్నాం. తర్వాత తిండి తగ్గింది. గేటు దాకా ఉరికొచ్చి రొప్పుతూ కూలబడేది. రఘునాథపల్లి నుంచి ఆటోలో వరంగల్ తీసుకెళ్తే, డాక్టరుగారు రక్తం చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నారు. దారప్పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి! గుండె పురుగా, లేక చర్మం కింద ఉండే దాని చుట్టమా అని ఇంకో పరీక్ష చేశారు. గుండె పురుగే. దోమ కుడితే వస్తుందట. రేపు ఛాతీ ఎక్స్‌రే తీశాక మందులు మొదలుపెడదాం అన్నారు.

ఆ రాత్రి మా అత్తమ్మ అల్మారాలోంచి బోదకాలు గోళీలు తీసింది. తర్వాత మింగుతానని మావారు దాచిపెట్టినవి. "గది గూడ దోమల రోగమే గదా బిడ్డా, బెల్లంల పెట్టి ఒకటి ఇయ్యరాదు" అంది. నాకూ సబబే అనిపించింది. బెల్లం ఉండ చేశాను కూడా. ఎందుకో మనసొప్పక డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"అస్సలు పెట్టకండమ్మా" అన్నారు. ఆ గోళీలో ఉండేది డైఇథైల్ కార్బమజైన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు. ఒకప్పుడు అక్కడ కుక్కలకు ఈ పురుగు రాకుండా రోజూ ఇచ్చేవారట. కానీ రక్తంలో అప్పటికే పిల్ల పురుగులుంటే, అదే గోళీతో షాక్ వచ్చి ప్రాణమే పోవచ్చట. బెల్లం ఉండ పారేసి చేతులు కడుక్కుంటుంటే నా వేళ్లు వణికాయి.

పెద్ద పురుగుల్ని చంపే ఇంజక్షన్లు ఉన్నాయి గానీ మా డాక్టరుగారికి దొరకలేదు. అందుకే గోళీల దారి. నాలుగు వారాలు రోజుకు రెండుసార్లు డాక్సీసైక్లిన్. పురుగు ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియాను అది చంపుతుంది, దాంతో పురుగు నీరసిస్తుంది. ఖాళీ కడుపున ఇస్తే వాంతే, రెండోరోజే తెలిసొచ్చింది. పెరుగన్నం తిన్నాకే ఇచ్చేదాన్ని. నెలకోసారి బరువు చూసి ఐవర్‌మెక్టిన్, అదీ చాలా కొంచెం. పశువుల మందు సీసా ఇంట్లో ఉంది కదా అని మీరెవరూ అందాజాగా పోయకండి తల్లీ.

మందుల కన్నా కష్టం కట్టేసి ఉంచడం. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డుపడతాయి, అందుకని ఉరకకూడదు. పురుగులు పూర్తిగా పోవడానికి ఏడాది పైనే పట్టొచ్చట. మాకిది ఏడో నెల. దగ్గు తగ్గింది. కాజీపేట వైపు రైలు కూత వినగానే ఇదివరకు గోడ దూకి పరుగెత్తేది. ఇప్పుడు గొలుసు సాగినంత దూరం వచ్చి నిలబడి, నా వంక చూస్తుంది. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.