సముద్రము మారునా?

విశాఖపట్నము తీరమున నిలిచినపుడెల్ల నాకు అలలకంటె వాని క్రింద జరుగు మార్పే అద్భుతముగా తోచును. వానకాలమున గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చు మంచినీరు తేలికయగుటచే బంగాళాఖాతపు ఉప్పునీటిపై పొరవలె పరచుకొని, అడుగునీటిని పైకి రానీయదు. జీవులకు వలయు పోషకములు ఆ అడుగునీటిలోనే మెండుగా కలవు. వసంతమున తీరము వెంట వీచు గాలులు పైనీటిని దూరముగా త్రోయగా అడుగునీరు పైకి ఉబుకును. కంటికి కానరాని మొక్కలు పెరుగును. వానిపై బ్రతుకు జీవులును, ఆ జీవులకై చేపలును వచ్చును. జాలరి వల ఈ ఋతుచక్రముపై ఆధారపడియున్నది.

ఇవి ఏటేట తిరిగి వచ్చు మార్పులు. నన్ను కలతపెట్టునది వేరొకటి. 1998లో హిందూ మహాసముద్రము మిక్కిలి వేడెక్కగా, పడమట లక్షద్వీపములలో పగడపు జీవులు తమలో వసించు నాచును కోల్పోయి తెల్లబారెను. అందు పెక్కు మరణించెను. కోలుకొనుచుండగనే 2010లోను, 2016లోను అదే ఆపద మరల వచ్చెను. పగడపు దిబ్బ చేపలకు ఇల్లు. దీవికి అలలనుండి రక్షణ.

ఋతువుల మార్పునకు సముద్రజీవులు యుగయుగములుగా అలవాటుపడినవి. బొగ్గును, పెట్రోలును మండించి మనము పెంచుచున్న వేడిమికి అలవాటుపడుటకు వానికి వ్యవధి చాలదు. ఆ వ్యవధిని ఇచ్చుట మన చేతిలోనే కలదు.