రైన్ నది ఇరుగట్ల బడిపిల్లలు

ఐరోపా ఖండపు పెద్ద నదులలో రైన్ ఒకటి. దాని పశ్చిమ గట్టు మీద ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్ నగరం, తూర్పు గట్టు మీద జర్మనీ దేశపు కేల్ పట్టణం ఉన్నాయి. రెంటి నడుమ 2004లో నిర్మించిన పాదచారుల వంతెన ఒకటి ఉన్నది. ఇరుగట్ల నుంచి రెండు దారులు వేర్వేరుగా బయలుదేరి నది నడిమధ్యన ఒక వేదిక వద్ద కలుసుకుంటాయి. 2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రాము కూడా నది దాటి కేల్ వరకు వస్తున్నది. ఒక దేశంలో కాపురముండి, మరొక దేశంలో ఉద్యోగం చేసి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు అక్కడ సర్వసాధారణం.

గత ఏడాది మే మాసంలో ఈ ప్రాంతంలో మూడు వారాలు గడిపే అవకాశాన్ని అల్లాహ్ మాకు కలిగించాడు. మా తమ్ముడు ఇంజనీరు. కేల్‌కు చేరువలోని ఒక జర్మన్ పట్టణంలో పదేళ్లకు పైగా ఉంటున్నాడు. అతని కుమార్తెకు పద్నాలుగేళ్లు. మేము వెళ్లేసరికి ఆ ఇంట మరొక అతిథి కూడా ఉన్నది. ఆమె ఫ్రాన్సు మధ్యభాగంలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన బడిపిల్ల. మా అన్నదమ్ముల బిడ్డలు కూడా మేనత్త ఇంటికి వెళ్లడానికి సంకోచించే వయసులో, భాష సరిగా రాని ఒక పిల్ల పరాయి దేశంలో, పరాయి ఇంట వారం రోజులు ఉండడానికి రావడం మాకు వింతగా తోచింది. దీని వెనుక పెద్ద చరిత్రే ఉన్నదని తరువాత తెలిసింది.

మూడు యుద్ధాలు చూసిన నేల

స్ట్రాస్‌బర్గ్ ఉన్న ప్రాంతాన్ని అల్సాస్ అంటారు. 1870 నుంచి 1945 వరకు గడచిన 75 ఏళ్లలో ఫ్రాన్సు, జర్మనీ మూడుసార్లు యుద్ధానికి దిగాయి. మొదటి యుద్ధం తరువాత, 1871లో అల్సాస్ జర్మనీ పరమైంది. 1918లో తిరిగి ఫ్రాన్సుకు వచ్చింది. 1940లో నాజీలు ఆక్రమించారు. రెండవ ప్రపంచ యుద్ధం చివరలో మళ్లీ ఫ్రాన్సులో చేరింది. ఇల్లు కదలకుండా, ఊరు దాటకుండా దీర్ఘాయుష్షుతో బతికిన మనిషి అక్కడ నాలుగుసార్లు దేశం మారాడు. పాలకులు మారినప్పుడల్లా బడిలో భాష మారింది, వీధుల పేర్లు మారాయి.

1942 ఆగస్టు నుంచి అల్సాస్, దాని పొరుగున ఉన్న మోజెల్ ప్రాంతాల యువకులను జర్మన్ సైన్యం బలవంతంగా చేర్చుకున్నది. అలా చేరినవారు సుమారు 1,30,000 మంది. వారిలో ఎందరో తిరిగి రాలేదు.

స్ట్రాస్‌బర్గ్ నగరం నడుమ 1936లో నెలకొల్పిన యుద్ధ స్మారకం ఒకటి ఉన్నది. ఒక తల్లి ఒడిలో మరణిస్తున్న ఇద్దరు కుమారులు. ఒకడు ఫ్రాన్సు తరఫున, మరొకడు జర్మనీ తరఫున పోరాడినవాడని చూపరులు గ్రహిస్తారు. కానీ వారి ఒంటి మీద సైనిక దుస్తులు లేవు. ఎవడు ఎవరి సైనికుడో శిల్పి చెప్పలేదు. మాతృభూమి కోసం ప్రాణాలర్పించారన్న మామూలు మాట కూడా ఆ రాతిపై లేదు, మా మృతులకు అని మాత్రమే ఉన్నది. ఏ మాతృభూమి అని రాయగలరు?

ఒడంబడికలో పిల్లలకు చోటు

యుద్ధం ముగిసిన అయిదేళ్లకే, 1950లో, జర్మనీలోని లూడ్విగ్స్‌బర్గ్, ఫ్రాన్సులోని మోంబెలియార్ పట్టణాలు జంట పట్టణాలుగా ఏర్పడ్డాయి. ఉభయ దేశాల మధ్య ఇటువంటి జంట ఏర్పడడం అదే ప్రథమం. 1962 సెప్టెంబరు 9న ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్ అదే లూడ్విగ్స్‌బర్గ్‌కు వచ్చి జర్మన్ యువతను ఉద్దేశించి జర్మన్ భాషలోనే ప్రసంగించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేత బందీ అయిన సైనికుడు ఆయన. రెండవ యుద్ధంలో వారికి ఎదురు నిలిచిన నాయకుడు. శత్రువు భాషలో శత్రువు బిడ్డలతో మాట్లాడడానికి ఎంతటి ధైర్యం కావాలో ఆలోచించండి.

1963 జనవరి 22న ఆయనా, జర్మనీ చాన్సలర్ అడెనావరూ ఎలిజే ఒడంబడికపై సంతకాలు చేశారు. అందులో విదేశాంగ వ్యవహారాలు, రక్షణలతోపాటు విద్య, యువజన విషయాలకూ స్థానం కల్పించారు. అదే ఏడాది జులై 5న ఫ్రెంచి-జర్మన్ యువజన కార్యాలయం ఏర్పడింది. ఖర్చులను రెండు ప్రభుత్వాలూ భరిస్తాయి. ఇప్పటి వరకు 90 లక్షలకు పైగా యువతీ యువకులు దీని కార్యక్రమాలలో పాల్గొన్నారు. 2003లో ఒడంబడికకు నలభై ఏళ్లు నిండిన సందర్భాన ఉభయ దేశాల విద్యార్థులు బెర్లిన్‌లో సమావేశమై, రెండు దేశాలలోనూ ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం ఉండాలని కోరారు. మూడేళ్లలో, 2006లో, ఒకే విషయంతో రెండు భాషలలో దాని మొదటి సంపుటం వెలువడింది. పిల్లలు అడిగారు, పెద్దలు రాశారు. మన పెద్దలు గమనించదగిన విషయమిది.

మార్పిడి జరిగే విధానం

రెండు బడులు జంట అవుతాయి. ఫ్రెంచి భాష నేర్చుకునే జర్మన్ పిల్లలకూ, జర్మన్ నేర్చుకునే ఫ్రెంచి పిల్లలకూ ఉపాధ్యాయులు ఒక పత్రం ఇస్తారు. వయసు, ఇష్టాలు, ఇంట్లో కుక్క గాని పిల్లి గాని ఉన్నదా, ఏమి తినకూడదు వంటి ప్రశ్నలుంటాయి. వాటిని చూసి ఉపాధ్యాయులు ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని జత చేస్తారు. ముందు ఉత్తరాలు నడుస్తాయి. తరువాత ఒక పక్షం వారు వచ్చి సుమారు వారం రోజులు తమ జతగాళ్ల ఇళ్లలో ఉంటారు. పగలు బడి, విహారాలు. సాయంత్రం ఇల్లు. కొన్ని వారాలకో నెలలకో రెండవ పక్షం వారు అటు వెళతారు. బస, భోజనం ఆతిథ్యమిచ్చే ఇంటివారివే. పెద్ద తరగతుల వారికి మూడు నెలల పథకం ఒకటి, ఒక్కొక్క దేశంలో ఆరు నెలల చొప్పున ఉండే వోల్టేర్ పథకం మరొకటి ఉన్నాయి. ఇతర ఐరోపా దేశాల బడుల మధ్య ఇటువంటి రాకపోకలకు ఎరాస్మస్ ప్లస్ పథకం కింద ఐరోపా సమాఖ్య నిధులిస్తుంది.

ఒకే ఇంట వారం రోజులు

ఆ పత్రంలో మా మరదలు స్పష్టంగా రాసింది: ఇంట్లో పంది మాంసం, మద్యం ఉండవు, అయిదు పూటలా నమాజు ఉంటుంది. అయినా ఒక కుటుంబం తమ బిడ్డను పంపింది.

మొదటి రోజు ఆ పిల్ల అలవాటు కొద్దీ పలకరింపుగా చెంపకు చెంప ఆనించబోయి, మా తమ్ముని చూసి ఆగిపోయింది. మా తమ్ముని కుమార్తె నవ్వుతూ సలాము చేయడం నేర్పింది. తెల్లవారి ఆ పిల్లకు పెద్ద గిన్నెలో పాలు కలిపిన చాక్లెట్టు పానీయమూ, అందులో ముంచుకోవడానికి వెన్న రాసిన రొట్టే కావాలి. జర్మన్ ఇళ్లలో రాత్రి భోజనం తరచుగా చల్లని రొట్టె, జున్నులే. మా మరదలు ఈ రెండు పద్ధతులనూ పక్కన పెట్టి ఆదివారం ఉదయం ఖిచిడీ, ఖీమా, ఖట్టా వడ్డించింది. మూడవ రోజుకు ఆ పిల్ల చెంచా వదిలి చేత్తో తిన్నది.

మే నెలాఖరున అక్కడ మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటిన తరువాతనే. ఇంటిల్లిపాదీ నమాజుకు నిలిచినప్పుడు ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని నిశ్శబ్దంగా చూసేది. ఒకనాడు మమ్ములను తన కుదురురాని జర్మన్‌లో ఏదో అడిగింది. మా తమ్ముని కుమార్తె తెలుగులో చెప్పింది: "బడే అబ్బా, మీరు ఎవరితో మాట్లాడుతున్నారని అడుగుతోంది." మేము జవాబు చెప్పాము. అది ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి జర్మన్‌లోకి వెళ్లి, ఆమె మనసులో ఫ్రెంచిలో ఏ రూపం దాల్చిందో అల్లాహ్‌కే ఎరుక. ఆ పిల్ల తల ఊపి, మరునాటి నుంచి మేము నమాజులో ఉన్నంతసేపు తన ఫోను మోగకుండా కట్టిపెట్టింది.

అతిథి మర్యాదను దైవప్రవక్త (స) విశ్వాసంతో ముడిపెట్టి బోధించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ ఇంట అతిథి కూడా ఇంటివారిని గౌరవించింది. మర్యాద రెండు వైపుల నుంచీ నడిచింది.

తిరుగు ప్రయాణం ముందు వచ్చిన ప్రశ్న

జూన్‌లో మా తమ్ముని కుమార్తె ఫ్రాన్సు వెళ్లవలసి ఉన్నది. ఆమె రెండేళ్లుగా హిజాబ్ ధరిస్తున్నది. జర్మనీ బడిలో విద్యార్థినులకు దానిపై అభ్యంతరం లేదు. ఫ్రాన్సులో 2004 మార్చి 15 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడులలో విద్యార్థులు తమ మతాన్ని కొట్టొచ్చినట్లు తెలిపే చిహ్నాలను, వస్త్రాలను ధరించరాదు. అతిథులకు కూడా తమ బడి నియమమే వర్తిస్తుందని ఆ బడి నుంచి ఉత్తరం వచ్చింది.

ఫ్రెంచివారి వాదనను కూడా న్యాయంగా చెప్పుకోవాలి. బడి ఏ మతానికీ చెందని చోటుగా ఉంటేనే అన్ని మతాల పిల్లలూ సమానంగా చదువుకోగలరని వారి నమ్మిక. చర్చి పెత్తనంతో దీర్ఘకాలం పోరాడి 1905లో ప్రభుత్వాన్ని, మతాన్ని వేరు చేసుకున్న చరిత్ర వారిది. అయితే ఆ నియమపు భారమంతా ఎక్కువగా పడుతున్నది మన ఆడబిడ్డల తల మీదనే. 2023లో అబాయా కూడా ఆ నిషేధంలో చేరింది.

ఇక్కడే చిక్కు ముడిపడింది. ఆ పిల్ల తల్లి అదే వారంలో మా మరదలికి ఉత్తరం రాసింది. మీ అమ్మాయికి ప్రత్యేకంగా గది ఇస్తాము, మాంసం వండము, మీరు ఏ దిక్కుకు నమాజు చేస్తారో తెలిపితే గదిని అందుకు తగినట్లు సర్దుతాము అని. అంటే ఇంటి తలుపు తెరిచి ఉన్నది, బడి తలుపు షరతుతో ఉన్నది.

మా తమ్ముడు "భాయ్‌జాన్, మీరేమంటారు?" అని అడిగాడు. ఏడు రోజుల కోసం బిడ్డ స్నేహాన్ని పోగొట్టడం అతనికి ఇష్టం లేదు. ఏడు రోజుల కోసం హిజాబ్ తీయించడమూ ఇష్టం లేదు. ముందు బిడ్డ మనసు తెలుసుకొమ్మని, ఆ తరువాత బడి ఉపాధ్యాయురాలిని అడగమని చెప్పాము. తల్లిదండ్రులు, పెదతండ్రి కూర్చుని ఆమెకు తెలియకుండా తేల్చవలసిన విషయం కాదది.

ఆ బిడ్డ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆమె మన ఇంట్లో ఉన్నప్పుడు ఏదీ తీసేయమని మనం అడగలేదు కదా, బడే అబ్బా. నేను వెళ్లను. కానీ ఆమె మీద నాకు కోపం లేదు" అన్నది.

ఉపాధ్యాయురాలు ఒక దారి చెప్పింది. రెండు బడుల పిల్లలూ ఎవరి ఊరికీ వెళ్లకుండా మూడవ చోట, ఏదైనా యువజన వసతిగృహంలో, కలిసి ఉండే పద్ధతి కూడా ఉన్నదట. అటువంటి కలయికలకు కూడా యువజన కార్యాలయం సహాయం చేస్తుంది. వచ్చే ఏడాదికి ప్రతిపాదిస్తానన్నది, మాట మాత్రం ఇవ్వలేదు. తరగతి అంతా ఫ్రాన్సుకు వెళ్లిన వారంలో మా తమ్ముని కుమార్తె పక్క తరగతిలో కూర్చుని పాఠాలు విన్నది. ఆమె చెల్లించిన మూల్యం చిన్నదని మేము అనము. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఈమె ఫ్రెంచిలో, ఆమె జర్మన్‌లో. ఒకరి తప్పులు మరొకరు ఎర్ర సిరాతో దిద్ది పంపుకుంటారు.

మన వీధిలో

స్ట్రాస్‌బర్గ్‌లో 2012లో ప్రారంభమైన పెద్ద మసీదులో మేము ఒక జుమా నమాజు చేశాము. దాని నిర్మాణానికి స్థానిక ప్రభుత్వ సంస్థలు కూడా కొంత ధనమిచ్చాయి. 1905లో అల్సాస్ జర్మనీ ఏలుబడిలో ఉన్నందున ఆ ఏటి ఫ్రెంచి చట్టం అక్కడ నేటికీ అమలులో లేదు. అందుకే అది సాధ్యమైంది. ఒకే దేశంలో, ఒకే నగరంలో, ఒక తలుపు తెరుచుకుంటుంది, మరొకటి మూసుకుంటుంది. కనుక ఒక దేశాన్నంతటినీ ఒకే మాటతో మంచిదనో చెడ్డదనో తేల్చివేయడం తగదు.

మానవులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం తెలుసుకోవడానికేనన్న భావం అల్ హుజురాత్ సూరాలో ఉన్నది. దానిని మేము ముప్పై ఏళ్లుగా పిల్లలకు బోధిస్తున్నాము. మా మద్రసా ప్రహరీకి ఆనుకునే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉన్నది. ఆ పిల్లలు మా గేటు లోపల ఏముంటుందో ఎరుగరు. మా పిల్లలు వారి తరగతి గదిని కిటికీలోంచి తప్ప చూడలేదు. మూడు యుద్ధాలు చేసుకున్నవారు నది దాటి బిడ్డలను పంపుకుంటున్నారు. మన నడుమ ఉన్నది ఒక గోడ మాత్రమే.

పదిమంది పిల్లలు అటు, పదిమంది ఇటు, ఒక రోజు పాఠాలు, ఒక పూట భోజనం. ఖర్చు పెద్దగా లేదు. ఎవరు ఏమి తింటారో, ఏ వేళకు నమాజో, ఏ విషయంలో ఎవరికి ఇబ్బందో ముందుగానే కాగితం మీద రాసుకోవాలి. మా మరదలు పత్రం నింపినట్లు, దాపరికం లేకుండా. ఈ మేరకు ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయునికి గత నెల ఉత్తరం రాశాము. జవాబు రావలసి ఉన్నది. ఇన్షా అల్లాహ్, వచ్చిన తరువాత పాఠకులకు తెలియజేస్తాము. ఈలోగా మీ వీధిలోని గోడకు ఆవల ఏ బడి ఉన్నదో ఒకసారి చూడండి.