కూతురు డాలస్‌లో, కొడుకు కొండాపూర్‌లో

"పిల్లలు ఎక్కడుంటున్నరు?" అంబర్‌పేటలో యాభై దాటిన వాళ్ళు ఇద్దరు ఎదురుపడితే కుశల ప్రశ్నల్లో రెండోది ఇదే. మొదటిది మోకాళ్ళ గురించి. అమ్మాయి అమెరికాలో అనగానే అడిగినవాళ్ళ మొహం విప్పారుతుంది. ఏ ఊరు, గ్రీన్‌కార్డు వచ్చిందా, మా ఆడబిడ్డ కొడుకు కూడా ఆ దగ్గర్లోనే అంటూ మాట సాగిపోతుంది. మరి అబ్బాయి? కొండాపూర్‌లో అంటాను. అక్కడ మాట ఠక్కున ఆగుతుంది. "అంటే... మీ దగ్గర ఉండడా?" గొంతు కాస్త తగ్గుతుంది. "కోడలికీ మీకూ ఏమన్నా..."

ఏమీ లేదు తల్లీ. ఇద్దరి ఆఫీసులూ అటువైపే. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర రోడ్డు మీదే పోతుంటే, పెళ్ళైన కొత్తలో ఆ పిల్ల వాడిపోయిన మొహంతో ఇల్లు చేరేది. మీరు అటే ఇల్లు చూసుకోండని మేమే చెప్పాం. ఈ మాట ఎంతమందికి చెప్పినా నమ్మినట్టు తలూపుతారు తప్ప నమ్మరు. సముద్రాలు దాటిపోయిన కూతురి గురించి మమ్మల్ని ఎవరూ సంజాయిషీ అడగలేదు. మూసీ కూడా దాటకుండా, ఉన్న ఊళ్ళోనే తూర్పు నుంచి పడమటికి వెళ్ళిన కొడుకు గురించి మాత్రం ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం.

అమ్మాయి 2016లో ఎంఎస్‌కి వెళ్ళింది. ఆ వెళ్ళడం ఎలా జరగాలో మా బస్తీకి అప్పటికే కంఠతా వచ్చు. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108. అమ్మాయితో పాటు మా ఆయన కూడా తిరిగారు. చేతిలో అంకెల కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేస్తూ, మధ్యలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పి, దేవుడి దగ్గర బాకీ ఎందుకని రెండు ఎక్కువే తిరిగారు. మా అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే చేతి కాటా ఉండేది, సూట్‌కేసు పిడికి తగిలించి పైకెత్తి తూచేది. జులై, ఆగస్టు నెలల్లో అది ఏ ఫ్లాటులో ఉందో వాచ్‌మన్‌కే తెలియాలి. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. కాటా 24 చూపించిందంటే ఇంట్లో పంచాయితీ మొదలు: కుక్కరు తీయాలా, మామిడికాయ తొక్కు తీయాలా, సకినాల డబ్బా తీయాలా? చదువుకోవడానికి పోతున్న పిల్ల పెట్టెలోంచి చివరికి తీసేసింది పుస్తకాలే.

ఎవరెన్ని చెప్పినా పెట్టెలోంచి బయటికి రానిది జిందా తిలిస్మాత్. 1920 నుంచీ ఉన్న మందు, కార్ఖానా మా అంబర్‌పేటలోనే. ఆ రోడ్డుకు దాని పేరే. జలుబు, దగ్గు, కడుపునొప్పి ఏదైనా మా అత్తమ్మ చేయి ఆ చిన్న సీసా మీదికే పోయేది. డాలస్‌లో తుమ్మినా అంబర్‌పేట మందే పని చేయాలని ఆమె పట్టు. మూడు సీసాలు, ఒక్కోదానికి రెండు ప్లాస్టిక్ కవర్లు, పైన రబ్బరు బ్యాండు. అయినా ఒకటి కారింది. పెట్టె తెరవగానే గదంతా నానమ్మ వాసన వచ్చిందని అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఆ స్వెటర్‌ను చాన్నాళ్ళు ఉతకలేదట.

శంషాబాద్‌కు రెండు కార్ల నిండా వెళ్ళాం. గుమ్మంలో దిష్టి తీశాం, పెరుగు చక్కెర తినిపించాం, నేను నీళ్ళ బిందెతో ఎదురొచ్చాను. ఏడుపు కూడా వేళకే వచ్చింది. అందరం ఏడ్చాం, ఒకరినొకరం ఓదార్చుకున్నాం. వారం రోజుల దాకా ఎవరో ఒకరు వచ్చి కూర్చుని, అమ్మాయి చేరిందా, చలి ఉందా అని అడిగి, చాయ్ తాగి పోయేవారు.

అబ్బాయి వెళ్ళింది 2024లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. ట్రాలీ ఆటోలో పరుపు, వాషింగ్ మెషిను, పెళ్ళికి వచ్చిన గిన్నెల పెట్టె. "అమ్మా, టేబుల్ ఫ్యాను కూడా తీస్కపోతున్న" అన్నాడు. వీడ్కోలు అంటే అదే. దిష్టి తీద్దామని పసుపూ సున్నమూ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. కొండాపూర్ పోయేవాడికి దిష్టేమిటని నవ్వుతారేమో. చుట్టాలెవరూ రాలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఆటో ఛే నంబర్ చౌరస్తా వైపు తిరగగానే మా ఆయన, నెల రోజులుగా కారుతున్న వంటింటి నల్లా విప్పుకుని కూర్చున్నారు. కొడుకు వెళ్ళిపోయిన సంగతి బయట మొదట తెలిసింది పాలు వేసే అబ్బాయికి. రేపటి నుంచి లీటరొద్దు, అర లీటరు చాలని నేనే చెప్పాను.

వాడు ఇంట్లో ఉన్న చివరి ఏళ్ళన్నీ ఛే నంబర్ దగ్గర ఫ్లైఓవర్ పని నడిచింది. ఆ దుమ్ములోనే ఆఫీసుకు పోయాడు, ఆ దుమ్ములోనే పెళ్ళి చేసుకున్నాడు. వాడు వెళ్ళాక, 2025లో ఫ్లైఓవర్ తెరిచారు. ఇంతకన్నా చెప్పేదేముంది.

అమెరికాకు పంపడానికి మనకు ఒక పద్ధతి ఏర్పడింది. పెళ్ళి చేసి అత్తవారింటికి పంపడానికి తరతరాలుగా ఉండనే ఉంది, ఒడిబియ్యంతో సహా. అదే ఊళ్ళో ఉంటూ ఇల్లు విడిచే కొడుకుకు ఏం చేయాలో, ఏం చెప్పాలో, ఎంత బాధపడితే మర్యాదగా ఉంటుందో ఎవరూ నేర్పలేదు. బాధ పడితే "ఇక్కడే ఉన్నడు కదా" అంటారు. పడకపోతే "వదిలించుకున్నరు" అంటారు.

మా కాలంలో ఈ చిక్కు లేదు. అప్పుడు ఉద్యోగాలు తూర్పునే ఉండేవి. మాకు ఆనుకునే 1918 నాటి ఉస్మానియా యూనివర్సిటీ. తార్నాకలో ఐఐసీటీ, ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఎన్‌జీఆర్‌ఐ, 1977లో సీసీఎంబీ, కాస్త అవతల 1967లో ఈసీఐఎల్. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, మౌలాలిలో ఎటు చూసినా ఫ్యాక్టరీలు. వాటిల్లో జీతం తీసుకునేవాళ్ళే అంబర్‌పేటలో, రామంతాపూర్‌లో, హబ్సిగూడలో నూరు గజాలో నూటయాభై గజాలో కొనుక్కుని, ఒక్కో గదీ కట్టుకుంటూ పోయారు. మా ఆయన రిటైరయ్యేదాకా నాచారంలోనే పని చేశారు. చేతక్ స్కూటర్ మీద వెళ్ళేవారు. టిఫిన్ బాక్సు మరిచిపోతే వెనక్కి తిరిగి వచ్చి తీసుకుపోయేంత దూరం. 1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభిస్తుంటే టీవీలో చూశాం. మావాడు తాత ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. ఆ గుండ్రటి బిల్డింగు చూసి మా మామగారు, "గా గుట్టలల్ల ఎవడు పోయి పని చేస్తడే" అన్నారు. ఒళ్ళో ఉన్నవాడే పోయాడు.

ఉప్పల్‌కు కొన్ని ఐటీ కంపెనీలు రాకపోలేదు, పోచారంలో ఇన్ఫోసిస్ కూడా ఉంది. కానీ మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇటువైపే ఉద్యోగాలు దొరకాలంటే చిలుకూరులో ఇంకో 108 తిరగాలి. అంతెందుకు, వీసాలిచ్చే అమెరికా కాన్సులేటే బేగంపేట విడిచి 2023లో నానక్‌రామ్‌గూడ పోయింది.

దూరం మాటకొస్తే పెద్ద దూరమేమీ కాదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి కూర్చుంటే హైటెక్ సిటీ 20వ స్టేషను, గంట లోపు ప్రయాణం. అక్కడి నుంచి ఆటో. మొదటిసారి వెళ్ళినప్పుడు చెప్పకుండానే బయల్దేరాం. కన్నకొడుకు ఇంటికి చెప్పి వెళ్ళడమేమిటని మా ఆయన. సర్వపిండి ఒక డబ్బాలో, పచ్చిపులుసు ఒక డబ్బాలో, గోంగూర తొక్కు ఒక డబ్బాలో పెట్టుకుని గేటు దగ్గర దిగాం. సెక్యూరిటీ అబ్బాయి చేతిలో ఫోను. ఫ్లాటు నంబరు చెప్పాం. తెర మీద నాలుగు గళ్ళున్నాయి: డెలివరీ, క్యాబు, పనివాళ్ళు, గెస్టు. అతను మా ఇద్దరినీ చూశాడు, చేతిలోని సంచిని చూశాడు, డెలివరీ మీద వేలు పెట్టబోయి ఆగాడు. "మా కొడుకు బాబూ" అన్నాను. అమ్మానాన్నలకు గడి లేదు. గెస్టు నొక్కాడు. లోపలి నుంచి ఒప్పుకోవాలట. మావాడు మీటింగులో ఉన్నాడు, ఒప్పుకోలేదు. ఆ పిల్లాడే కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. మా ఆయన కుర్చీలో కూర్చోలేదు, గోడ మీది పార్కింగు నిబంధనలన్నీ చదివేశారు. కాసేపటికి కోడలు చూసుకుని పరుగెత్తుకొచ్చింది, చెప్పులు చెరోరకం వేసుకుని. "అత్తమ్మా, ఒక్క మాట ఫోన్ చెయ్యొద్దా?" అంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి పాపం. లిఫ్టులో మా ఆయన "గెస్టులం వచ్చినం" అని ఒకటే నవ్వు. నవ్వేనా అని నేను పక్కకు తిరిగి చూశాను. నవ్వే.

ఆ సాయంత్రమే మావాడు మా పేర్లు రోజూ వచ్చేవాళ్ళ జాబితాలో ఎక్కించాడు. ఆ జాబితాలో పనమ్మాయి, కార్లు కడిగే అతను, పేపరబ్బాయి ఉన్నారు. ఇప్పుడు మేమూ ఉన్నాం. అయినా ఫోన్ చేసే వెళ్తున్నాం. వంటింట్లో ఉప్పు ఎక్కడుందో కోడలిని అడిగే తీసుకుంటాను. నేను సర్దని ఇంట్లో నా కొడుకు అన్నం తింటున్నాడన్నది కొత్తగానే ఉంటుంది, కానీ ఆ సర్దుడు నా సర్దుడుకంటే బాగుందని మా ఆయనతో ఒప్పుకోను.

డాలస్ నుంచి మాత్రం ఫోన్ తప్పదు. మనకూ వాళ్ళకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి పిల్లను పడుకోబెట్టి చేస్తుంది. మాకది పొద్దున ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకోగానే మాకు ఎనిమిదిన్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. నవంబరులో ఆ మొదటి రెండు మూడు రోజులు మా ఆయన పాత వేళకే ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటారు. ప్రతి ఏడూ చెబుతాను, ప్రతి ఏడూ అంతే. అమెరికాలో మనవరాలికి ఏ పన్ను వచ్చిందో, ఏ పన్ను ఊడిందో మాకు తెలుసు. కొండాపూర్‌లో కొడుక్కి జ్వరం వచ్చి తగ్గిన సంగతి మాత్రం డాలస్ నుంచి తెలిసింది. ఏమిరా చెప్పలేదు అంటే, "ఇక్కడే ఉన్న కదమ్మా, ఎక్కడికి పోయిన?"

"మీకేమక్కా, మిథునం సినిమాలాగా హాయిగా ఉండొచ్చు" అంటుంది కింది ఫ్లాటు ఆమె. శ్రీరమణ కథను తనికెళ్ళ భరణి 2012లో సినిమాగా తీసినప్పుడు మేమూ మురిసిపోయాం. కానీ ఆ ముసలివాళ్ళకు పెరడుంది, పాదులున్నాయి, పొద్దుపోవడానికి కావలసినంత నేలుంది. మాకున్నది బాల్కనీలో తులసి కుండీ, పక్కన ఏసీ పెట్టె. రెండు గదుల ఫ్లాటులో అంత సరసంగా దెబ్బలాడుకోవడానికి చోటు సరిపోదు. మేము రిమోట్ కోసం దెబ్బలాడుకుంటాం.

మా దగ్గరికే వచ్చేయండి అని కొడుకూ కోడలూ అడగకపోలేదు. పక్క బ్లాకులో 18వ అంతస్తులో ఫ్లాటు ఖాళీ ఉందట. అద్దె విని మా ఆయన తన ఆఖరి జీతం గుర్తు చేసుకున్నారు. నేను అద్దె గురించి ఆలోచించలేదు. ఇక్కడ కూరగాయలామె నా మొహం చూసి కొత్తిమీర వేస్తుంది. బోనాలకు మహాకాళి గుడికి నడిచి పోతాను. చెత్తా మట్టీ నిండిపోయిన బతుకమ్మ కుంటను మళ్ళీ తవ్వి 2025 సెప్టెంబరులో తెరిచాక సాయంత్రాలు అటు పోయి కూర్చోవడానికి నీళ్ళ ఒడ్డు ఒకటి దొరికింది. డాలస్ నుంచి అమ్మాయి వస్తే దిగాల్సింది పుట్టింట్లో కదా, కిరాయి ఫ్లాటులో ఒడిబియ్యం ఎలా పోయను? ఇవన్నీ చెప్పాను. మావాడు విని, "సరే, మీ ఇష్టం" అన్నాడు. వాడూ కాస్త తేలికపడ్డట్టే అనిపించింది. అందులో తప్పేమీ లేదు.

ప్రస్తుతం నా కష్టమల్లా స్టీలు డబ్బాలు. కొండాపూర్ వెళ్ళినప్పుడల్లా మూడో నాలుగో వెళ్తాయి, ఒక్కటీ తిరిగిరాదు. మా అమ్మ పేరు చెక్కించిన డబ్బా కూడా అటే ఉంది. పప్పులు పోసుకోవడానికి డబ్బాల్లేక ఐస్‌క్రీము డబ్బాల్లో పోస్తున్నాను. మొన్న మా ఆయన ఫోన్ చేసి, "నువ్వు రాకున్నా మంచిదే బిడ్డా, మీ అమ్మ డబ్బాలు తెచ్చియ్యి" అన్నారు. వస్తాడనే ఆయన ఎత్తు. వాడు రాలేదు. గంటన్నరకు బైకు మీద ఎవరో పార్శిల్ పిల్లాడు వచ్చి, సంచి ఇచ్చి, ఓటీపీ అడిగి వెళ్ళాడు. మా ఆయనకు ఒళ్ళు మండింది. కొడుకు డబ్బాలు కొరియర్ చేసే కాలం వచ్చిందని గదిలోకి పోయారు.

నేను సంచి విప్పాను. అన్నీ తోమి తుడిచి ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి పెట్టినవన్నీ ఖాళీ. మా అమ్మ డబ్బా మాత్రం బరువుగా ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆ పిల్లకు వాళ్ళమ్మ చెప్పినట్టుంది. తెరిస్తే టమాట పప్పు, ఇంకా వేడిగానే ఉంది. అలిగిన మనిషిని పిలిచి అన్నం పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నారు. ఉప్పు తక్కువైంది. కోడలికి ఆ సంగతి చెప్పాలా, బాగుందని ఊరుకోవాలా అని ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. చెప్పమని ఆయన, వద్దని నేను.