అరవైవేలతో సీటీసీలో ఓ పూట

సికింద్రాబాద్‌ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్‌ ప్యారడైజ్‌. దిగినవాళ్లలో చాలామంది బిర్యానీ వాసన పట్టుకుని పోతారు. మేం మాత్రం ఓ చీటీ పట్టుకుని పార్క్‌లేన్‌ దారి పట్టాం. మేం అంటే నేనూ, జనగామ నుంచి పొద్దున్నే రైల్లో దిగిన మా మేనల్లుడూ. వాడు ఇంజినీరింగ్‌ రెండో ఏడు. జేబులో అరవైవేలు. అందులో నలభైవేలు మా అక్క చిట్టీ పాడిన డబ్బు, ఇరవైవేలు వీడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నది. కావాల్సింది ఆటలాడే కంప్యూటర్‌. బ్లెండర్‌లో బొమ్మలూ చేస్తాడట.

ఢిల్లీకి నెహ్రూ ప్లేస్‌, చెన్నైకి రిచీ స్ట్రీట్‌, బెంగళూరుకు ఎస్‌పీ రోడ్డు ఎలాగో మనకు చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ అలాగ. అంత పేరు ఎవరూ పలకరు. సీటీసీ అంటే చాలు. లోపలికి అడుగుపెట్టగానే ఇరుకు వరండాలు, అటూ ఇటూ కొట్లు, అద్దాల వెనక రంగురంగులుగా మెరిసే ఫ్యాన్లు. తలమీద డబ్బాలు పెట్టుకుని ‘జరగండి భాయ్‌’ అంటూ దూసుకుపోయే కుర్రాళ్లు.

మావాడి చీటీలో ఐ7 ప్రాసెసర్‌, నీళ్లతో చల్లబరిచే కూలర్‌, లైట్ల క్యాబినెట్‌ ఉన్నాయి. గ్రాఫిక్స్‌ కార్డు చిట్టచివర ఉంది, ‘మిగిలినదాంట్లో’ అని. మొదటి కొట్టాయన అది చదివి నవ్వలేదు. ‘ఏ ఆటలాడతావు తమ్ముడూ? ఇంట్లో మానిటర్‌ ఏది?’ అని అడిగాడంతే. అసలు కిటుకు ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది! ఇంట్లో ఉన్నది 1080పి మానిటర్‌. సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. అంతకుమించి కార్డు ఎంత పరిగెత్తినా తెరమీద కనపడేది అరవయ్యే.

ఆయన పెన్ను తీసి చీటీని తలకిందులు చేశాడు. ముందు గ్రాఫిక్స్‌ కార్డు. బడ్జెట్‌లో మూడోవంతు దానికే. ఆర్‌ఎక్స్‌ 6600 చాలన్నాడు. 8 జీబీ మెమరీ, 132 వాట్ల కరెంటు. ప్రాసెసర్‌ రైజన్‌ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. దాని డబ్బాలోనే ఫ్యాను వస్తుంది కాబట్టి నీళ్ల కూలర్‌ కొట్టేశాడు. 2022లో వచ్చిన ఏఎమ్‌5 బోర్డు కొంటే ముందుముందు కొత్త ప్రాసెసర్‌ మార్చుకోవచ్చు, కానీ దానికి డీడీఆర్‌5 ర్యామే కావాలి. పాత ఏఎమ్‌4కు డీడీఆర్‌4 సరిపోతుంది. ర్యామ్‌ 16 జీబీ ఒకటి కాదు, ఎనిమిదివి రెండు. జోడెడ్లలా రెండూ కలిసి లాగుతాయి. ‘ఈ కొటేషన్‌ ఇవాళ్టికే’ అని కింద గీత గీశాడు. 2025 చివర్లో మెమరీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లాక ర్యామ్‌ ధరలు అమాంతం పెరిగాయి మరి.

పై అంతస్తులో ఒకాయన పెద్ద కార్డు చూపించాడు. సెకండ్‌ హ్యాండ్‌. కొత్తదాంట్లో సగం ధరే. మావాడి కళ్లు మెరిశాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్‌ మైనింగ్‌ ఆగిపోయాక రాత్రింబవళ్లు నలిగిన కార్డులు ఇలా ఎన్నో బజారుకొచ్చాయి. అన్నీ పాడైనవని కాదు. అరగంట ఆడించి చూసి, బిల్లూ వారంటీ సరిచూసుకుని కొనొచ్చు. ‘ఆడించి చూపిస్తారా?’ అన్నాను. ‘ఇక్కడ కుదరదు సార్‌’ అన్నాడు. దిగొచ్చేశాం.

చివరికి మిగిలింది క్యాబినెట్‌. లైట్లున్నదాంతో ఎస్‌ఎంపీఎస్‌ కలిపి ఇస్తారట. పైన ‘500 వాట్లు’ అని స్టిక్కర్‌. పక్కనున్న చిన్న పట్టీ చదవమన్నాను. 12 వోల్టుల గడిలో 18 యాంప్స్‌ అని ఉంది. ‘పన్నెండూ పద్దెనిమిదీ హెచ్చవేయరా’ అన్నాను. 216! కార్డూ ప్రాసెసరూ ముఖ్యంగా లాగేది ఆ గడిలోంచే. రెండిటికే దాదాపు 200 పోతుంది.

నాకెందుకింత పట్టుదలంటారా? 2005లో మా ఊళ్లో ఓ కొట్లో క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌తోనే సిస్టమ్‌ చేయించుకున్నాను. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. కాలిన వాసన. హార్డ్‌డిస్క్‌ కూడా పోయింది. నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. మరుసటేడు ఆయన వెళ్లిపోయారు. వీడు చూడని తాత ఆయనే.

మావాడు కాసేపు మాట్లాడలేదు. మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌ విడిగా కొంటే రెండువేలు తక్కువొచ్చింది. నేనిస్తానన్నాను. ‘వద్దు మామయ్యా’ అని లైట్ల క్యాబినెట్‌ బదులు మామూలు నల్లడబ్బా తీసుకున్నాడు. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ బదులు 500 జీబీది చాలన్నాడు. లెక్క సరిపోయింది.

అంతలో అక్క ఫోన్‌. ‘చదువుకు పనికొచ్చేదేనా నాన్నా?’

వాడు నావైపు చూశాడు. ‘చదువుకీ పనికొస్తుందమ్మా, ఆటలకీ’ అన్నాడు. అవతల ఓ క్షణం నిశ్శబ్దం. ‘సరే, జాగ్రత్తగా తీసుకురా’ అంది అక్క.

కొట్టు కుర్రాడు ప్రాసెసర్‌ మూలనున్న చిన్న బంగారు త్రికోణాన్ని బోర్డుమీది గుర్తుకు కలిపి మెల్లగా దించాడు. ర్యామ్‌లు రెండో గడిలో ఒకటి, నాలుగో గడిలో ఒకటి. ‘ఇంటికెళ్లాక మానిటర్‌ వైరు మదర్‌బోర్డుకు పెట్టొద్దు, కార్డుకే పెట్టు’ అని హెచ్చరించాడు. స్విచ్‌ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెరమీద తెల్ల అక్షరాలు.

సాయంత్రం జనగామ రైల్లో మావాడు డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నాడు. పైన పెట్టమంటే వినలేదు.