రాజశేఖరం ఎంత పొడుగు?

జనవరి 5

లీ చైల్డ్ రాసిన జాక్ రీచర్ 6 అడుగుల 5 అంగుళాల మనిషి, బరువు 113 కిలోల దాకా. 2012లో ఆ పాత్రకి టామ్ క్రూజ్‌ని పెట్టారు. బాగా చేశాడా లేదా అన్నది వేరే మాట. పుస్తకాల్లో సగం తగాదాలు ఆ ఒంటిని చూసి మొదలవుతాయి, తక్కినవి ఆ ఒంటిని చూసే ఆగిపోతాయి. రెండు సినిమాలు అయ్యాక చైల్డే ఒప్పుకున్నాడు, మొత్తుకున్న పాఠకులదే న్యాయమని. 2022లో సిరీస్ మొదలుపెట్టినప్పుడు అలన్ రిచ్‌సన్‌ని తెచ్చారు, జనం హమ్మయ్య అనుకున్నారు. టేపు పెట్టి కొలిస్తే తేలిపోయే తగువు ఇది. అన్నీ ఇలా ఉండవు.

జనవరి 8

పిన్ని బీరువా సర్దుతుంటే పై అరలో పాత కట్టలు దొరికాయి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి కుట్టించుకున్న నవలలు. అట్టలకి క్యాలెండర్ కాగితం. పేజీ తిప్పితే వారానికో బొమ్మ. సినిమావాళ్ళకంటే ముందే హీరోకి ముక్కూ మొహం ఇచ్చినవాళ్ళు ఈ బొమ్మలేసినవాళ్ళే. రాబోయే వారం ఏం జరుగుతుందో వాళ్ళకీ తెలిసి ఉండదు. అందుకే ఒక వారం హీరోకి పక్క పాపిడి, ఇంకో వారం వెనక్కి దువ్విన జుట్టు. ఎవరూ ఉత్తరాలు రాసి దెబ్బలాడినట్టు లేరు. నాలుగు గీతల్లో ఉన్న మనిషిని మిగతా సగం మనమే గీసుకుంటాం కదా.

"సెక్రటరీ సినిమా చూశావా పిన్నీ?"

"చూడకపోవడమేమిట్రా! మొదటి వారమే వెళ్ళాం, నేనూ మీ అమ్మానూ."

"రాజశేఖరం ఎలా ఉన్నాడు?"

"నాగేశ్వర్రావు బాగానే ఉన్నాడు. రాజశేఖరమే లేడు."

యద్దనపూడి సులోచనారాణి హీరో అంటే ఆరడుగుల అందగాడని ఆ తరం ఆడపిల్లలందరికీ కంఠతా వచ్చు. 1976లో రామానాయుడు ఆ సినిమా తీసేనాటికి అక్కినేనికి యాభై దాటాయి, పైగా ఆయన పొడగరి కాదు. పిన్నికి నాగేశ్వర్రావంటే ప్రాణం. దసరాబుల్లోడు ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే లెక్కలేదు. అయినా ఈ ఒక్క విషయంలో రాజీ పడలేదు.

"మరి ఇప్పుడు నవల చదివితే ఎవరు కనిపిస్తారు?"

"ఇంకెవరు, నాగేశ్వర్రావే. నా రాజశేఖరం పోయినవాడు పోయినట్టే, మళ్ళీ రాలేదు."

జనవరి 9

నిన్నటి మాట వదలడం లేదు. కోడూరి కౌసల్యాదేవి నవల 'ప్రేమనగర్' 1971లో సినిమా అయింది. యద్దనపూడి 'విజేత' మరుసటి ఏడే 'విచిత్రబంధం' పేరుతో వచ్చింది. తర్వాత 'సెక్రటరీ'. మూడింట్లోనూ అక్కినేని, మూడింట్లోనూ వాణిశ్రీ. నవలల్లో ఈ మగవాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కారు. తెరమీద మాత్రం ఒక్క తల్లి బిడ్డలు. 'సెక్రటరీ' జయంతి అభిమానం వేరు, 'ప్రేమనగర్' లత అభిమానం వేరు అని పేజీల కొద్దీ రాసినదంతా ఒకే ఎత్తు ముడిలోకీ, ఒకే రకం చీరకట్టులోకీ వెళ్ళిపోయింది. అప్పట్లో ఊరూరా ఆ ముడే వేసుకున్నారు కాబట్టి ఎవరికీ కొరతగా అనిపించి ఉండదు. పిన్ని తగువు అంగుళాల గురించి. నాకైతే అంతకంటే ఇదే పెద్ద నష్టం అనిపిస్తోంది. స్టారు ఒక్క పాత్ర ముఖాన్ని మార్చి ఊరుకోడు, ఒక అరలో పుస్తకాలన్నిటికీ ఒకే ముఖం పెట్టేస్తాడు.

జనవరి 16

మా మేనకోడలు హ్యారీ పోటర్ పుస్తకాలు ఇప్పుడిప్పుడే చదువుతోంది. సినిమాలు ముందే చూసేసింది.

"మావయ్యా, హెర్మయొనీకి ఎత్తు పళ్ళట! గుబురు జుట్టట! సినిమాలో అలా లేదుగా?"

లేదు. ఎమ్మా వాట్సన్ మొదటి సినిమాలోనే ముద్దొచ్చేలా ఉంది. నాలుగో పుస్తకంలో ఒక మంత్రం తగిలి హెర్మయొనీ ముందు పళ్ళు పెరిగిపోతాయి. ఆసుపత్రిలో వాటిని తగ్గిస్తుంటే, ఉండవలసినదానికంటే ఇంకొంచెం తగ్గేదాకా ఆ పిల్ల నోరు మెదపకుండా ఊరుకుంటుంది. అంత తెలివైన పిల్లకి అద్దం ముందు ఎన్నేళ్ళ బాధ ఉందో ఆ ఊరుకోవడంలో తెలుస్తుంది. సినిమాలో ఆ పళ్ళు లేవు కాబట్టి ఆ ముచ్చటా లేదు. డ్యాన్సు రాత్రి ఆమె మెట్లు దిగి వస్తుంటే అందరూ నోళ్ళు వెళ్ళబెడతారు. పుస్తకంలో అది అబ్బురం. తెరమీద చూస్తే, ఈ పిల్లలకి ఇన్నాళ్ళూ కళ్ళు లేవా అని అనుమానం వస్తుంది.

జనవరి 17

నాకు నేను ఒక గీత గీసుకున్నాను. కథలో ఎవరైనా ఆ రూపాన్ని చూసి ఏదైనా చేశారా? వెక్కిరించారా, భయపడ్డారా, ప్రేమించారా, పనిలోంచి తీసేశారా? అయితే ఆ రూపాన్ని మార్చినవాడు కథనే మార్చాడు. ఎవరూ ఏమీ చేయకపోతే అది రంగు డబ్బా మాత్రమే, ఏ రంగు వేసుకున్నా అడిగేవాడు లేడు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' డెనేరిస్ కళ్ళు పుస్తకంలో ఊదారంగు. సిరీస్‌వాళ్ళు లెన్సులు పెట్టి చూసి, నటి కళ్ళలో భావం చచ్చిపోతోందని తీసేశారు. మంచి పని చేశారు. హ్యారీవి పుస్తకంలో ఆకుపచ్చ కళ్ళు. డేనియల్ రాడ్‌క్లిఫ్‌కి లెన్సులు పడలేదు, నీలి కళ్ళతోనే కానిచ్చారు. అదీ సరే. కథకి కావలసింది ఆకుపచ్చ కాదు, అచ్చు తల్లి కళ్ళలా ఉండటం. కలిసిన ప్రతివాడూ ఆ మాటే అంటాడు, ఆ తల్లిని ప్రేమించిన స్నేప్ జన్మంతా ఆ పోలిక మీదే నడిచింది. తీరా చివరి సినిమాలో ఆ తల్లి లిలీ చిన్నప్పటి పాత్రకి తెచ్చిన పాప కళ్ళు గోధుమరంగులో ఉన్నాయి! పదేళ్ళ సినిమా, కోట్ల ఖర్చు, చివర్లో ఒక పాప కళ్ళు చూసినవాడు లేడు.

జనవరి 25

డెనేరిస్ కథలోనే టిరియన్ లానిస్టర్‌కి యుద్ధంలో ముక్కు చాలావరకు తెగిపోతుంది. సిరీస్‌లో ముఖం మీద గాటుతో సరిపెట్టారు. ఆ గాటు పీటర్ డింక్లేజ్‌కి అందంగా కూడా ఉంది. ముక్కు లేని మనిషిని ఏళ్ళ తరబడి ప్రతివారం ఇంట్లో కూచోబెట్టుకోవడం జనానికి కష్టమని లెక్క వేసుకుని ఉంటారు. వ్యాపారం లెక్కగా తప్పు పట్టలేను. కానీ ఆ ముఖాన్ని చూసి లోకం మొహం తిప్పుకుంటుందన్నదే కదా రచయిత చెబుతున్నది. చూసేవాళ్ళు మొహం తిప్పుకోకూడదని సిరీస్‌వాళ్ళు ముందే జాగ్రత్తపడ్డారు.

ఫిబ్రవరి 1

అందం తగిలించడమే సినిమా జబ్బు అనుకుంటూ వస్తే ఫ్రాంకెన్‌స్టైన్ అడ్డం తగిలాడు. మేరీ షెల్లీ నవలలో విక్టర్ ఆ ప్రాణికి ఏరి ఏరి అందమైన భాగాలే తెచ్చాడు. నిగనిగలాడే నల్లటి జుట్టు, తెల్లటి పలువరస. ప్రాణం వచ్చి కళ్ళు తెరిచేసరికి ఆ అందాలన్నీ ఆ పసుపుపచ్చటి చర్మం పక్కన చేరి దడుపు పుట్టిస్తాయి. విడివిడిగా బాగున్నవి కలిపితే భయంకరం కావడం ఒక రచయిత్రి మాత్రమే చేయగల పని. 1931లో మేకప్ మనిషి జాక్ పియర్స్ బోరిస్ కార్లోఫ్‌కి బల్లపరుపు నెత్తి చేసి, మెడకి బోల్టులు బిగించాడు. అంతే, లోకమంతటికీ అదే ఖాయం. మన పిల్లల బొమ్మల పుస్తకాల్లో కూడా బోల్టులే.

అదే ఏడు వచ్చిన డ్రాక్యులాదీ ఇదే వరస. బ్రామ్ స్టోకర్ మొదట చూపించేది తెల్లటి పొడుగు మీసాల ముసలివాణ్ణి, అరిచేతుల్లో వెంట్రుకలు. రక్తం తాగుతున్నకొద్దీ పడుచువాడవుతాడు. బేలా లుగోసీ నున్నటి గడ్డంతో, దువ్విన తలతో, విందుకి బయల్దేరిన దొరలా వచ్చాడు. జనం మనసులోని డ్రాక్యులాకి ఇప్పటికీ ఆ మీసాలు లేవు.

ఫిబ్రవరి 8

గడ్డం పెంచినవాణ్ణి చూస్తే "ఏం దేవదాసు అయ్యావేంరా" అంటాం. అనేవాళ్ళలో శరత్‌బాబుని చదివినవాళ్ళెందరు? ఆ గడ్డం, ఆ శాలువా, ఆ మత్తు కళ్ళు 1953 నాటి వేదాంతం రాఘవయ్య సినిమాలో అక్కినేనివి. 1917లో అచ్చయిన బెంగాలీ నవల మీద ఒక తెలుగు ముఖం ఎంత గట్టిగా అతుక్కుందంటే, 1974లో కృష్ణ చేసిన దేవదాసుని కూడా జనం పాతాయన పక్కన నిలబెట్టే చూశారు. జానపదాల హీరో అక్కినేని దేవదాసేమిటని మొదట్లో నవ్వినవాళ్ళూ ఉన్నారట. రాత్రిపూట పెరుగన్నం తిని, నిద్ర ముంచుకొస్తుంటే షూటింగ్ చేయడం వల్ల ఆ కళ్ళు వచ్చాయని అక్కినేని చెప్పుకునేవారు. తాగుబోతు కళ్ళని మనం అనుకుంటున్నవి పెరుగన్నం కళ్ళు!

ఇక్కడ నా గీత ప్రకారం ఒక చిక్కుంది. నవల చివర్లో పార్వతి అత్తవారింటి ముందు చెట్టు కింద చనిపోతున్నవాడెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మనిషి అంతగా చితికిపోయాడు. ఆనవాలు దొరకకపోవడమే ఆ చావులోని ఘోరం. తెరమీద మాత్రం అక్కినేని అయినా, దిలీప్‌కుమార్ అయినా, షారుఖ్ అయినా హాల్లో చంటిపిల్ల కూడా గుర్తుపడుతుంది. గుర్తుపట్టాలనే కదా టికెట్టు కొన్నది. నవలలో ఆ ఊరివాళ్ళ పక్కన నిలబడే పాఠకుడు, సినిమాలో పార్వతి పక్కన నిలబడి ఏడుస్తాడు. కాబట్టి ఏడుపు ఎక్కువే. వేరే రకం ఏడుపు.

ఫిబ్రవరి 9

ఇంకో ముక్క. పెళ్ళికి ముందు దేవదాసు చేపలు పట్టే గాలం కర్రతో పార్వతి నుదుటి మీద కొడతాడు, మచ్చ పడుతుంది. 2002లో సంజయ్ లీలా భన్సాలీ కర్ర తీసేసి ముత్యాల హారం పెట్టాడు. మచ్చ ఉంది, దెబ్బ కూడా నగ అయింది. చెరువు గట్టున చేతికందిన కర్రతో కొట్టేవాడికీ, హారంతో కొట్టేవాడికీ కోపం ఒకటే అంటే నేను నమ్మను.

ఫిబ్రవరి 15

సత్యజిత్ రే డిటెక్టివ్ ఫెలూదా కథలు తనే రాసేవాడు, బొమ్మలూ తనే వేసేవాడు. 'సోనార్ కెల్లా'లో జటాయు అనే కలంపేరుతో చవకబారు సాహస నవలలు రాసే లాల్‌మోహన్ బాబు వస్తాడు. 1974లో రేయే దాన్ని సినిమాగా తీసి, ఆ పాత్ర సంతోష్ దత్తాకి ఇచ్చాడు. ఆ తర్వాత కథల్లో రే వేసిన జటాయు బొమ్మలు చూడాలి. బట్టతల, మీసం, ఆ బెదురు చూపు, అన్నీ దత్తావే. పాత్రని పుట్టించినవాడి కుంచెనే నటుడు తన వైపు తిప్పేసుకున్నాడు. 1988లో దత్తా పోయాక ఇక ఫెలూదా సినిమా తీయనన్నాడు రే. కథలు మాత్రం రాస్తూనే ఉన్నాడు.

పిన్నికి ఇది చెబితే, "ఆయన రాసుకున్న మనిషి, ఆయన ఇష్టం. నా రాజశేఖరాన్ని మార్చడానికి వీళ్ళెవరు?" అంది. సులోచనారాణి రాసిన రాజశేఖరం పిన్నివాడు ఎప్పుడయ్యాడని అడగబోయి మానుకున్నాను.

ఫిబ్రవరి 21

'వదరింగ్ హైట్స్'లో హీత్‌క్లిఫ్ నల్లవాడు. లివర్‌పూల్ వీధుల్లో దొరికిన, ఏ జాతో తెలియని పిల్లవాడు. ఇంట్లో పనివాడి కింద తోసెయ్యడానికి అదో సాకు. 1939లో లారెన్స్ ఒలీవియర్. 2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ అనే దర్శకురాలు నల్లజాతి కుర్రాళ్ళని పెడితే అదేదో సాహసమన్నారు. పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగా వెళ్ళడం సాహసమయ్యే చోట, దూరంగా వెళ్ళడం అలవాటయిందన్నమాట.

మనకీ ఉంది. చలం కథ 'మాలపిల్ల'ని 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసినప్పుడు ఆ మాలపిల్ల పాత్రకి కాంచనమాల. అందానికి ఆ రోజుల్లో ఆవిడ పేరే చెప్పేవారు. అలాంటి కథ తీయడమే గుండెధైర్యం కాబట్టి రామబ్రహ్మాన్ని నేనేమీ అనను. ముఖం అందంగా ఉంటే ఆ పిల్ల కష్టానికి జనం కాస్త తొందరగా కరుగుతారని లెక్క వేసి ఉంటాడు. ఆ లెక్క నిజమవడమే నాకు గుచ్చుకుంటుంది.

మార్చి 2

స్కార్లెట్ అందగత్తె కాదని 'గాన్ విత్ ద విండ్' మొదటి వాక్యంలోనే ఉంది, మగవాళ్ళకి ఆ సంగతి తట్టదని కూడా ఉంది. వివియన్ లీని చూసి మాకూ తట్టలేదు. ఇది మార్పు కిందికి రాదని నా తీర్పు.

మార్చి 6

'మా భూమి' మళ్ళీ చూశాను. కృష్ణచందర్ ఉర్దూ నవలలో రాఘవరావు తెరమీద రామయ్య అయ్యాడు. 1979లో ఆ కుర్రాడు సాయిచంద్‌ని ఎవరూ ఎరగరు, అదే మొదటి సినిమా. వెనకాల వేరే పాత్రలేవీ వేలాడటం లేదు. దొరగడీ ముందు నిలబడితే ఆ పల్లె కుర్రాడే నిలబడ్డట్టుంది. నవలల్ని తీసేవాళ్ళకి నా ఓటు ఎప్పుడూ కొత్త ముఖానికే. మరో విశేషం, ఆ సాయిచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రాసిన గోపీచంద్ కొడుకు. అందులోని సీతారామారావు పాత్ర ఆయనకి ఎవరైనా ఇచ్చి ఉంటే చూడాలని నా పాత కోరిక.

మార్చి 14

నవల కాదు గానీ 'కన్యాశుల్కం' లేకుండా ఈ లెక్క తేలదు. 1955 సినిమాలో గిరీశం ఎన్.టి.రామారావు. నాటకాల్లో చూసినవాళ్ళకి గిరీశమంటే జె.వి.రమణమూర్తి. ఈ సాయంత్రం మిత్రులతో వాదన. రామారావు నటనకి వంక పెట్టలేమని ఒకాయన, రంగస్థలం ముందు సినిమా దిగదుడుపేనని ఇంకొకాయన. నటన సంగతి నేను ఎత్తలేదు. గురజాడ గిరీశానికి ఆస్తి లేదు, పరువు లేదు, ఉన్నదల్లా నోరు. బుచ్చమ్మ వినేలా విధవావివాహం గురించి గంటల తరబడి మాట్లాడితేనే గానీ ఆ అమ్మాయి మనసు కదలదు. అందుకని గిరీశం చూడ్డానికి మామూలు మనిషిగానే ఉండాలి. రామారావు వచ్చి వీధి అరుగు మీద నిలబడితే ఇంక ఉపన్యాసం దేనికి?