ఒడ్డెక్కిన సోమశిల

సోమశిల అనగానే చాలామందికి నెల్లూరు జిల్లాలో పెన్నమీది ఆనకట్ట గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయేది అది కాదు. నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపురానికి సుమారు పది కిలోమీటర్ల దూరాన, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల.

2024 కార్తికమాసంలో మేము అక్కడికి వెళ్ళాము. కాశీకి, కేదారానికి పోయే ఓపిక తనకిక లేదని మా అమ్మకు దిగులు. సోమశిలలో లలితా సోమేశ్వరస్వామి సన్నిధిని పన్నెండు జ్యోతిర్లింగాల పేర పన్నెండు లింగాలు ఒక్కచోటనే ఉన్నాయి. ఆ మాట చెవిని పడ్డది మొదలు ఆమె మమ్మల్ని నిలవనియ్యలేదు.

ఈ గుళ్ళు మొదటినుంచీ ఇక్కడివి కావు. 1960లో మొదలైన శ్రీశైలం ప్రాజెక్టు 1981కి పూర్తయింది. వెనుకకు తన్నిన నీటిలో నూరుకు పైగా ఊళ్ళు మునిగాయి. పాత సోమశిల ఆలయాలను విప్పి, రాళ్ళు పైకి తెచ్చి, మళ్ళీ కట్టారు. మంచాలకట్ట మాధవస్వామి గుడి కొల్లాపురానికీ, కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి అలంపురానికీ చేరింది ఇలాగే. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరుడు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు. నీరు తగ్గినప్పుడే ఆయన దర్శనం.

ఇప్పుడు సోమశిలలో యాత్రికుడికి లోటు లేదు. పర్యాటక శాఖవారి కాటేజీలున్నాయి. నీరు చాలినంత ఉన్న రోజుల్లో శ్రీశైలానికి లాంచి కూడా నడుపుతారు; సుమారు ఏడు గంటల ప్రయాణం. బయలుదేరేముందు విచారించుకోవడం మంచిది. 2024లో కేంద్రప్రభుత్వం ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా దీనిని ఎంపిక చేసింది. ఏటి చేపల వేపుడు రుచి గురించి మా పిల్లలు చెప్పాలి. వాళ్ళు అమ్మకు తెలియకుండా తిని వచ్చారు!

ఎదుటి ఒడ్డు కనపడుతూనే ఉంటుంది గాని, మేము వెళ్ళినప్పటికి వంతెన లేదు. 2007లో ఈ ప్రాంతంలోనే పడవ మునిగి సుమారు అరవైమంది పోయారు. ఆ దుఃఖాన్ని ఊళ్ళవాళ్ళు మరచిపోలేదు. సోమశిలనుంచి సిద్ధేశ్వరానికి తీగల వంతెన కట్టడానికి 2022లో కేంద్రం అనుమతించింది. అది పూర్తయితే హైదరాబాదునుంచి తిరుపతికి దూరం సుమారు 80 కిలోమీటర్లు తగ్గుతుందని అంచనా.

సాయంత్రం రేవులో మెట్లమీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అమ్మ ఆమెను పలకరించి, “గుళ్ళు ఎంత చక్కగా కట్టారమ్మా!” అన్నది.

“గుళ్ళను పైకి తెచ్చిన్రు అక్కా,” అంటూ ఆమె నది నడుమకు చెయ్యి చాపింది. “మా ఇల్లు మాత్రం గాడ్నే ఉన్నది.”

అమ్మ మారు పలకలేదు. అప్పటికే పన్నెండు లింగాల ముందరా పన్నెండు దీపాలు పెట్టి వచ్చింది. సంచిలో మరొక ప్రమిద మిగిలి ఉంది. దానిని వెలిగించి, అరటిదొప్పలో పెట్టి, ఆ ముసలమ్మ చేతికిచ్చింది. ఆమె మెట్టు దిగి, తన ఇంటివైపు వదలింది.

కాశీ మాట అమ్మ మళ్ళీ ఎత్తలేదు. వచ్చే కార్తికానికి ప్రమిదలు మాత్రం కాస్త ఎక్కువగా తీసుకోవాలన్నది.