పాత బండి, క్రొత్త రంగు

మా పదవ తరగతి విద్యార్థి యొకడు పాఠము ముగిసిన పిదప మా యొద్దకు వచ్చి, నీలిరంగు మోటారుబండి చిత్రమొకటి చూపి, "మాష్టారూ! దీని వెనుకభాగమును రంపముతో కోసివేసినట్లున్నదేమి?" అని యడిగెను. మాకు తెలియలేదు. తెలిసికొని చెప్పెదమని వానిని పంపివేసి, కొన్ని దినములు ఆ బండిని గూర్చియే చదివితిమి. చదివినకొలది మా తండ్రిగారి సైకిలు జ్ఞప్తికి వచ్చుచుండెను. ఆ సంగతి పిమ్మట చెప్పెదము.

ఆ బండి పేరు షెల్బీ డేటోనా కూపే. అమెరికాలో కారల్ షెల్బీ యను పూర్వపు పందెగాడు, ఇంగ్లండువారి ఏ.సి. చట్రములో ఫోర్డువారి 4.7 లీటర్ల ఇంజను నమర్చి, కోబ్రా యను కప్పులేని బండ్లను చేయించెను. అవి మలుపులలో ఎవరికిని తీసిపోవు. కాని ఫ్రాన్సు దేశపు ల మాన్ పందెములో మూడు మైళ్లకు మించిన తిన్నని దారి యొకటి గలదు. అచ్చట ఇటలీవారి ఫెరారీ 250 జి.టి.ఓ. బండ్లు వీనిని సులభముగా దాటిపోవుచుండెను. కప్పులేని బండికి గాలియే పగవాడు.

అప్పుడు షెల్బీ కొలువులోని పీట్ బ్రాక్ అను యువకుడు ఇంజను జోలికి పోక, గాలితోనే సంధి చేసికొనదలచెను. గాలి చక్కగా జారిపోవుటకు బండి వెనుకభాగము చేపతోకవలె సన్నగిలుచు చాల దూరము పోవలెను. అట్లు చేసిన బరువు హెచ్చును. ఆ తోకను తగినచోట నిటారుగా ఖండించినను, గాలి తోక యున్నట్లే ప్రవర్తించునని వూనిబాల్డ్ కామ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1930వ దశకముననే కనుగొనెను. బ్రాక్ దానిని నమ్మెను. కర్మశాలలో పలువురు నమ్మలేదు. పందెగాడు కెన్ మైల్స్ మాత్రము నమ్మి, 1964 ఫిబ్రవరిలో రివర్‌సైడ్ బాటపై నడిపి, పాత బండికంటె చుట్టునకు మూడు సెకనులకు పైగా తగ్గించెను. నోళ్లు మూతపడెను.

ఇట్టివి ఆరు మాత్రమే చేసిరి. మొదటిది కాలిఫోర్నియాలో, కొయ్య అచ్చునకు సరిపోవునట్లు అల్యూమినియము రేకును సుత్తితో కొట్టి చేసినది. తక్కిన ఐదింటికి ఇటలీలోని మొడెనాలో ఒడలు తొడిగిరి. మా కథ మొదటిదానిది. డేటోనాలో ముందంజలో నుండగా, ఇంధనము నింపుచున్నపుడు నిప్పంటుకొనెను. మరుసటి నెల సెబ్రింగులో తన తరగతియందు గెలిచెను. ల మాన్‌లో వెలుపలి బ్యాటరీతో ఇంజను నడిపించుటచే అనర్హమయ్యెను. అచ్చట దాని తోబుట్టువే తరగతి గెలిచెను. 1965లో ప్రపంచ పోటీ షెల్బీవారి వశమైనది. ఆ సంవత్సరము నవంబరులో బానవిల్ ఉప్పుమైదానమున ఇరువదికి పైగా వేగపు రికార్డులు స్థాపించెను.

అంతటితో దానిని అమ్మివేసిరి. నిన్నటి పందెపుబండిని నేడెవడు కోరును? చేతులు మారి మారి, తుదకు కాలిఫోర్నియాలో ఒక సరకుకొట్టున పడి, దశాబ్దములు దుమ్ము తినెను. కొనెదమని వచ్చినవారికి జవాబైనను దొరకలేదట! 2001లో బయటపడి, న్యాయస్థానములో తగవులాటకు లోనై, ఫిలడెల్ఫియాలోని శస్త్రవైద్యుడు ఫ్రెడ్ సిమియోన్ గారి సంగ్రహమును చేరెను.

ఇప్పుడు సైకిలు సంగతి. మా తండ్రిగారు పల్లెబడి పంతులు. ముప్పది యేండ్లు ఒకే సైకిలుపై బడికి పోయిరి. ఆయన ఉద్యోగము చాలించిన దినమున సంతోషపెట్టుటకై మేము దానిని గీకి, తుప్పు రుద్ది, మెరయునట్లు నల్లరంగు పూయించితిమి. ఆయన చూచి, "ఏరా, ఇదెవరి సైకిలురా?" అనిరి. అడ్డుకమ్మిపై చేయి త్రిప్పుచు దేనినో వెదకిరి. చిన్ననాడు మమ్ము కూర్చుండబెట్టుకొని పోవునపుడు మా పలకకొయ్య రాచుకొని అచ్చట గాడి పడియుండెనట. రంగుకు ముందు పూసిన లుక్కముతో అది పూడిపోయెను. ఆయన ఒక్కమాటయైనను అనలేదు. అనియుండిన బాగుండెడిది.

సిమియోన్‌గారు మావలె చేయలేదు. బండి నడచుటకు వలసినది చేయించి, ఒడలికి క్రొత్తరంగు పూయక, గీతలను గీతలుగానే విడిచిరి. 2014లో అమెరికావారు తమ జాతీయ చారిత్రక వాహన పట్టికలో మొట్టమొదట చేర్చినది ఈ బండినే. సిమియోన్‌గారు 2022లో మరణించిరి; బండి వారి ప్రదర్శనశాలలో నున్నది.

ఇదంతయు ఆ విద్యార్థికి చెప్పితిమి. తోక సంగతి విని తల యూపెను గాని, వాని మనస్సు వేరొకచోట నుండెను. "ఆ సైకిలేమైనది, మాష్టారూ?" అనెను.

అది మా వసారాలోనే యున్నది. సీటు క్రింద రంగువాని కుంచె చేరని చోట బొటనవ్రేలంత మేర పాత ఆకుపచ్చ రంగు నిలిచియున్నది. వాడు వంగి చూచెను.